సగం చేసి రాసిన నొప్పి

"సున్నా నుంచి పది లోపు చెప్పండి, నొప్పి ఎంతుంది?"

ఈ మాట రోజుకెన్నిసార్లు అంటానో నాకే తెలియదు. మగవాళ్ళ సర్జికల్ వార్డులో నర్సుని. ఇరవై ఏళ్ళు దాటింది. నిద్రలో కూడా అంటానని మా ఆయన వేళాకోళం చేస్తాడు. ఈ ప్రశ్నంటే నాకు ఒళ్ళుమంట. నొప్పికి అంకె ఏమిటి, నా తలకాయ! సగం మంది "ఎంతంటే ఏటి సెప్తామమ్మా, నొప్పి నొప్పే" అంటారు. కొందరు "పర్వానేదు" అంటూనే దుప్పటి అంచు కొరుకుతుంటారు. స్టీల్‌ప్లాంటులో క్రేన్ నడిపే ఒకాయన హెర్నియా ఆపరేషన్ అయిన మర్నాడు "ఆరున్నర" అన్నాడు. "అరలు లేవు బాబూ, ఆరో ఏడో తేల్చు" అన్నాను. నవ్వాడు. నవ్వితే కుట్లు లాగాయి. "ఎనిమిది రాసీండి" అన్నాడు.

ఎంత తిట్టుకున్నా ఆ అంకెను బట్టే మందు. తక్కువ చెబితే పారాసిటమాల్ సీసా ఎక్కిస్తాం. మధ్యస్తంగా చెబితే ట్రమడాల్. ట్రమడాల్ అంటే నాకు మొదటినుంచీ చిరాకు. కొంతమందికి బాగానే పనిచేస్తుంది, కాదనను. చాలామందికి మాత్రం నొప్పిని కాస్త తగ్గించి, ఆ తగ్గించిన చోట వాంతులూ తల తిప్పుడూ పెడుతుంది. దానికి ఒక పై హద్దు కూడా ఉంది. నొప్పి పెరిగిందని మందు పెంచుకుంటూ పోతే ఫిట్స్ వచ్చే భయం. మార్ఫిన్ అలా కాదు. నొప్పి ఎంత పెరిగితే అంత, కొద్దికొద్దిగా, చూసుకుంటూ పెంచవచ్చు. మొదటి రెండు రోజులు మగత, వికారం ఉంటాయి, తర్వాత సర్దుకుంటాయి. మలబద్ధకం మాత్రం సర్దుకోదు, అందుకని విరేచనాల మందు తోడు ఇవ్వాలి. ఊపిరి లెక్కపెట్టాలి, కంటిపాప చూడాలి. ఇక ఫెంటానిల్. థియేటర్లో సూదితో ఇస్తే నిమిషాల్లో పట్టి తొందరగా వదిలేస్తుంది. అదే మందుని పట్టీలా చర్మానికి అంటిస్తే సగం రోజు దాకా ఉలకదు పలకదు, తర్వాత మూడు రోజులు నెమ్మదిగా దిగుతూనే ఉంటుంది. నొప్పి ఒక దారిలో పడ్డాక పట్టీ మంచిది. ఇవాళ ఒక రకం, రేపు ఒక రకంగా ఉన్న నొప్పికి అది పనికిరాదు.

మార్ఫిన్ ఉండేది తాళం బీరువాలో. తీసినప్పుడల్లా ఇద్దరు సంతకం పెట్టాలి. ఆ తాళం చూసే జనం బెదిరిపోతారు. "అలవాటైపోద్దేటమ్మా" అని అడుగుతారు. నొప్పికి సరిపడా డాక్టరు చూసి ఇస్తుంటే ఆ భయం అక్కర్లేదని ఓపిగ్గా చెబుతాను. కొత్తగా చేరిన అమ్మాయిలకు మాత్రం ఓపిక లేకుండా చెబుతాను. "రోగి ఎంత చెబితే అంతే రాయాలి. నీ అభిప్రాయం ఎవరిక్కావాలి? నొప్పి నీదా, వాళ్ళదా?" అని కసురుతాను. ఒకమ్మాయిని ఈ విషయంలో ఏడిపించాను కూడా.

అలా చెప్పిన దాన్నే మా అమ్మ దగ్గర ఇంకోలా చేశాను. అందుకే ఇది రాస్తున్నాను.

మా అమ్మ చేపలమ్మేది. జాలరిపేటలో పుట్టి, అక్కడే కాపురం చేసి, నాన్న పోయాక కూడా అక్కడే మా అప్ప దగ్గర, అంటే మా అక్క దగ్గర, ఉండేది. పొద్దున్నే హార్బర్‌కి పోయి సరుకు తీసుకుని, సిల్వర్ తట్ట నెత్తిన పెట్టుకుని కంచరపాలెం వీధులన్నీ తిరిగేది. ఈమధ్య తట్టకి ఫోన్‌తో డబ్బులు వేసే స్కానింగ్ అట్ట కూడా కట్టుకుంది. పెళ్ళయ్యాక నా ఇల్లు కంచరపాలెంలోనే, రైలు పట్టాల పక్కన. వీధి చివర అమ్మ గొంతు వినబడగానే నేను పనులాపుకుని వినేదాన్ని. అమ్మ బేరం వినడం నాకు సరదా. ఎప్పుడూ ఉన్నదానికి రెట్టింపు చెప్పేది. అవతలివాళ్ళు సగానికి అడిగేవాళ్ళు. "ఓలమ్మో, సముద్రంలో సేపలు ఊరికే ఎగిరొచ్చి తట్టలో పడిపోతన్నాయేటి!" అని గుండెలు బాదుకునేది. తట్ట ఎత్తుకుని నాలుగడుగులు వేసేది. వాళ్ళు పిలిచేవాళ్ళు. చివరికి మొదట తాను అనుకున్న చోటికే వచ్చి ఆగేది. మా గుమ్మం దగ్గరకొచ్చాక ఆ మనిషే కాదు. తట్ట దించి, ఉన్నదాంట్లో మంచి కోనాం ముక్క తీసి, నా గిన్నెలో పడేసి, వీధి రేటుకన్నా తగ్గించి తీసుకుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేది.

ఆ అమ్మకి రొమ్ములో గడ్డ వచ్చింది. ఆపరేషన్ అయింది, కీమో మందులెక్కించారు, రెండేళ్ళు బాగానే తిరిగింది. తర్వాత తుంటి నొప్పి మొదలైంది. తట్ట మోసి మోసి అనుకుంది అమ్మ. నేనూ అదే అనుకున్నాను, నర్సునయ్యుండి. స్కానింగ్‌లో తుంటిలోనూ వెన్నులోనూ ఎముకలకి పాకిందని తేలింది. నేను పనిచేసే ఆసుపత్రిలోనే ఆడవాళ్ళ వార్డులో చేర్చాను. నా వార్డుకి సరిగ్గా పై అంతస్తు. కిటికీలోంచి చూస్తే రేవులోకి రావడానికి వరుసగా నిలబడ్డ ఓడలు కనబడతాయి. కిటికీ గట్టు మీద ఎన్నిసార్లు తుడిచినా రేవు నుంచి ఎగిరొచ్చే బొగ్గు నుసి పేరుకునే ఉంటుంది. అమ్మ దాన్ని వేలితో రాసి చూసి, "మీ ఆసుపత్రి కన్నా మా హార్బరే శుభ్రం" అంది.

మొదటి రోజు కుర్ర డాక్టరు వచ్చి నొప్పి ఎంత అని అడిగాడు.

"పది" అంది అమ్మ.

"పదుంటే ఇలా మాట్లాడలేవమ్మా. ఏడు రాద్దామా?"

"ఏడేటి నాయనా, మరీ అన్నాయం! తొమ్మిది సేసుకో."

"ఎనిమిది."

"సరే, రాసుకో. నీ మొకం సూసి ఇత్తన్నాను."

వార్డంతా నవ్వింది. నేను అందరికన్నా ఎక్కువ నవ్వాను. కింద మా వార్డులో కూడా చెప్పి నవ్వించాను. అసలు తప్పు అక్కడే జరిగిపోయింది. అమ్మ రేటు రెట్టింపని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు కదా. ఎనిమిదంటే నాలుగన్నమాట, మా అమ్మ సంగతి నాకు తెలియదా అనుకున్నాను.

పై వార్డు నర్సులందరూ నా చేతికింద పని నేర్చుకున్న పిల్లలే. "అక్కా, మీ అమ్మగారు మాకు అంతుపట్టడం లేదు, మీరే అడిగి చెప్పండి" అన్నారు. నేనే అడిగేదాన్ని. డ్యూటీ మధ్యలో మెట్లెక్కి వచ్చి, "అమ్మా, ఎంతుంది?" అనేదాన్ని. ఎనిమిది అనేది. ఒక్కోసారి ఏడు అనేది. నేను వెళ్ళి నాలుగు అని చెప్పేదాన్ని, మూడు అని చెప్పేదాన్ని. వాళ్ళు రాసేవాళ్ళు. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు కాగితం చూసి, నాలుగే కదా, ట్రమడాల్‌తో నెట్టుకొస్తోంది కదా, అదే ఉంచండి అనేవాడు. ఆయన తప్పేమీ లేదు. కాగితంలో ఉన్నదే చూశాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా రాసి దండగ. బేరం సంగతి ఒక్కటే కాదు. నాకు ఆ అంకె నాలుగే కావాలి. అంకె వరసగా ఏడు దాటుతూ ఉంటే మార్ఫిన్ మొదలుపెడతారు. మార్ఫిన్ అంటే ఆఖరు కాదని ఎన్ని వందలమందికి చెప్పానో, అమ్మ మంచం దగ్గరకు వచ్చేసరికి అది ఆఖరులాగే కనబడింది. ఊరందరికీ చెప్పే ధైర్యం నా ఇంటికొచ్చేసరికి లేకుండా పోయింది. సిగ్గుగా ఉంది రాయడానికి, కానీ అదే నిజం.

నాలుగో రోజునుంచి అమ్మ తిన్నది తిన్నట్టు కక్కడం మొదలుపెట్టింది. ట్రమడాల్ వల్లేనని నాకు తెలుసు. వాంతులకు ఇంజెక్షన్ ఇప్పించాను. మా అప్ప నెత్తళ్ళ పులుసు తెస్తే వాసన కూడా పడలేదు. నాకు ఏమీ అనిపించేది కాదు. అడ్డెడు పనులుండేవి, చేసుకుంటూ పోయేదాన్ని. పక్క దుప్పటి మార్చేదాన్ని, బేసిన్ కడిగేదాన్ని, అంకె సగం చేసేదాన్ని.

పక్క మంచం మీద దువ్వాడ నుంచి వచ్చినావిడ ఉండేది. రెండు మోకాళ్ళూ మార్చారు. ఆవిడకి మార్ఫిన్ పంపు పెట్టారు. నొప్పి వచ్చినప్పుడు బొత్తం నొక్కితే కొంచెం మందు రక్తంలోకి వెళుతుంది, ఎక్కువసార్లు నొక్కినా హద్దు దాటి ఇవ్వదు. అమ్మ ఆ బొత్తాన్ని రెండు రోజులు చూసింది. ఒక మధ్యాహ్నం నేను తల దువ్వుతుంటే మెల్లిగా అడిగింది.

"ఆవిడ సేతిలో అదేటే?"

"నొప్పి మందు. ఆపరేషనయింది కదా, ఆవిడకి నొప్పి ఎక్కువ."

"అలాగా" అంది.

బేరమాడలేదు. గుండెలు బాదుకోలేదు. నేను జడ అల్లి, రబ్బరుబ్యాండు వేసి, కిందికి వెళ్ళిపోయాను. ఆ "అలాగా" నాకు ఇప్పుడు వినబడినంత గట్టిగా అప్పుడు వినబడలేదు.

తర్వాత రెండు మూడు రోజులు అమ్మ పెద్దగా మాట్లాడలేదు. ఓడల వంక చూసేది కాదు. హార్బర్లో ఏం పడిందని మా అప్పని అడిగేది కాదు. మంచం పక్క ఇనుప కమ్మీ పట్టుకుని పడుకునేది. కొత్త చోటు, నీరసం, వయసు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వేరెవరి తల్లయినా ఇలా ఉంటే ఆ కూతుర్ని పక్కకి పిలిచి నాలుగు దులిపేదాన్ని.

తొమ్మిదో రోజు నొప్పి డాక్టరమ్మ వచ్చింది. నొప్పి ఒక్కటే చూసే పెద్ద డాక్టరు, వారానికి రెండుసార్లు వస్తుంది, తక్కువ మాట్లాడుతుంది. నేను మంచం పక్కనే ఉన్నాను. డాక్టరమ్మ కాగితం తిరగేసింది. మొదటి రోజు ఎనిమిది, ఆ తర్వాత వరుసగా నాలుగు, మూడు, నాలుగు, నాలుగు. తల ఎత్తి అమ్మని చూసింది. అమ్మ కమ్మీ పట్టుకున్న చెయ్యి చూసింది.

"అమ్మా, నొప్పి ఎంతుంది?"

"తొమ్మిది" అంది అమ్మ.

డాక్టరమ్మ నావైపు చూసింది. నేను నవ్వాను. నిజంగానే నవ్వాను. "మా అమ్మ చేపల బేరం మేడమ్. ఎప్పుడూ రెట్టింపు చెబుతుంది. నేను సగం చేసి రాయిస్తున్నాను" అన్నాను.

అమ్మ నెమ్మదిగా తల తిప్పింది.

"ఏటి సేత్తన్నావే? సగం సేత్తన్నావా?"

నేను దుప్పటి అంచు సర్దాను.

"ఒలే, ఆ కుర్ర డాట్రుకి సెప్పినాను బేరం. ఆడు పరాయోడు. అడుగుతాడు, తగ్గిత్తాడు, అందుకని సెప్పినాను. నీకెందుకు సెప్తానే బేరం?" ఊపిరి అందక కమ్మీని ఇంకా గట్టిగా పట్టుకుంది. "మనింటోలికి నాను ఎలాగిత్తాను? మీ అప్పకి ఎలాగిచ్చినాను, నీకెలాగిచ్చినాను? తగ్గించే గదే ఇచ్చేది. పది ఉంటే నీకు ఎనిమిదని సెప్పినాను. బెంగెట్టేసుకుంటావని."

పది అమ్మ నోట్లో ఎనిమిదయింది. నా చేతిలో నాలుగయింది. తొమ్మిది రోజులు.

నాకు ఏడుపు రావాలి. రాలేదు. చేతులు వేలాడేసుకుని నిలబడ్డాను. డాక్టరమ్మ తిడుతుందేమోనని చూశాను, తిడితే బాగుండుననిపించింది. ఆవిడ పెన్ను తీసింది. కాగితం మీద చివరి నాలుగుని ఒక గీతతో కొట్టేసి, పక్కన పది రాసి, సంతకం పెట్టింది. ట్రమడాల్ ఆపించింది. నాలుగు గంటలకోసారి మార్ఫిన్ మాత్ర రాసింది, మధ్యలో నొప్పి లేస్తే ఇంకొకటి. పారాసిటమాల్ అలాగే ఉంచింది. విరేచనాల మందు, వాంతుల మందు కలిపింది. కమ్మీ మీదున్న అమ్మ చేతిని ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది.

తాళం బీరువా దగ్గర రెండో సంతకం నన్నే పెట్టమంది ఆ వార్డు అమ్మాయి. అలవాటు కొద్దీ పెన్ను ఇచ్చింది పాపం. "నేను పెట్టను, ఇంకొకరిని పిలు" అని అరిచాను. ఏ తప్పూ లేని ఆ పిల్ల మీద పడ్డాను. తర్వాత క్షమించమని అడిగాను.

మొదటి మాత్ర వేశాక ముప్పావు గంటకి అమ్మ కాలి వేళ్ళు విప్పుకున్నాయి. విప్పుకున్నాకనే తెలిసింది, అన్నాళ్ళూ అవి ముడుచుకుని ఉన్నాయని. పిడికిలి బిగించినట్టు, పాదం లోపలికి. తొమ్మిది రోజులు ఆ కాళ్ళకి నేనే నూనె రాశాను. ఊపిరి లెక్కపెట్టాను. బాగానే ఉంది. అమ్మ నిద్రపోయింది, నోరు తెరుచుకుని, గురకపెట్టి. రెండు రోజులు మగతలోనే ఉంది. పుస్తకంలో ఉన్నదంతా వరసగా జరిగింది, మగత, కొంచెం వికారం, ముక్కు మీద దురద. మూడో రోజు పొద్దున్న కళ్ళు తేటగా ఉన్నాయి. ఇడ్లీ ఒకటి తిని ఉంచుకుంది. మా అప్పని చూసి, "ఇయ్యాల ఏటి పడ్డాది?" అని అడిగింది.

"కవ్వళ్ళు" అంది అప్ప.

"కవ్వళ్ళేనా! ముళ్ళ సేపలు, ఎవుడిక్కావాల?" అని మూతి తిప్పింది.

అప్ప ఏడ్చింది. నేను ఏడవలేదు. మెట్లు దిగి నా వార్డుకి వెళ్ళి, వరసగా పద్దెనిమిది మందిని నొప్పి ఎంతని అడిగాను. చెప్పింది చెప్పినట్టు రాశాను. ఆరు అంటే ఆరు. నా చేతులు వాటి పని అవి చేశాయి. నేను ఎక్కడో వెనకాల ఉన్నాను. ఆరోజు నుంచీ అలాగే ఉన్నాను, పంటి డాక్టరు మత్తు ఇచ్చాక చెంప ఉంటుంది చూడండి, అలాగ. ముట్టుకుంటే తెలుస్తుంది, కానీ నాది కాదు.

అమ్మ నన్ను మళ్ళీ ఒక్క మాట అనలేదు. అనొచ్చు కదా. తిట్టడం చేతకాని మనిషా! వీధంతా వినబడేలా తిట్టేది చిన్నప్పుడు. "ఆ రోజు సెప్పినాను గదే, అయిపోనాది" అంది, నేనే తవ్వితే.

మూడు వారాలకి ఇంటికి తీసుకెళ్ళాం, జాలరిపేటకి. కొన్నాళ్ళు మాత్రలే వేశాం. తర్వాత మింగడం కష్టమయ్యేసరికి డాక్టరమ్మ ఫెంటానిల్ పట్టీకి మార్చింది. మూడు రోజులకోసారి పాతది తీసి, ఇంకో వైపు జబ్బ మీద కొత్తది అంటించేదాన్ని. మధ్యలో నొప్పి లేస్తే మార్ఫిన్ మాత్ర నలిపి బుగ్గలో వెయ్యమంది. ఒక పుస్తకం కూడా ఇచ్చింది, అంకె రాయడానికి. చూడటానికొచ్చిన పేట ఆడవాళ్ళు ఉప్పు మూట వేడి చేసి కాపడం పెడతామని కూర్చున్నారు. వేడి తగిలితే పట్టీలో మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగిపోతుంది, ఊపిరి ఆగుతుంది, మూట ఇంట్లోకి తెస్తే ఊరుకోనని గట్టిగానే అరిచాను. "నర్సమ్మకి తల్లిమీద ప్రేముంది గానీ నోరు మంచిది కాదు" అనుకుంటూ వెళ్ళారు. నిజమే.

పుస్తకంలో అంకె రాయడం నాకు పెద్ద బాధయిపోయింది. అమ్మ మూడు అనేది. మూడంటే ఎంత? ఇంటివాళ్ళకి ఎంత తగ్గిస్తుంది? నొప్పిని బట్టి తగ్గిస్తుందా, నా మొహాన్ని బట్టి తగ్గిస్తుందా? నేను నవ్వుతూ అడిగితే ఎక్కువ చెబుతుందేమోనని నవ్వుతూ అడిగి చూశాను. అప్పుడూ మూడే అంది. అందుకని అడగడం అడిగి, కాళ్ళు చూడటం నేర్చుకున్నాను. దుప్పటి కొంచెం ఎత్తి వేళ్ళు చూసి రాసేదాన్ని.

ఆఖరు రోజు పొద్దున్న పడవలు వచ్చే వేళ. బయట చేపల వేలం పాట అరుపులు వినబడుతున్నాయి. అమ్మ కళ్ళు తెరిచింది. పెదవులు ఎండిపోయాయి, తడిగుడ్డతో అద్దాను.

"అమ్మా, ఎంతుంది?"

చాలాసేపు నా మొహమే చూసింది.

"సున్నా" అంది. "నువ్వెల్లి రెండు ముద్దలు తిను."

దుప్పటి ఎత్తి చూశాను. వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. మాత్ర నలిపి, నీటి చుక్కలు కలిపి, బుగ్గలో వేశాను. పుస్తకం తీసి పది అని రాశాను.